బుధవారం ఒక్కపొద్దు

"కష్టం వచ్చినప్పుడే మనుషులకి భక్తి ఎందుకు పెరుగుతుంది గురువుగారూ?" అని ఒక గురువారం పొద్దున మఠంలో శిష్యుడు పైడిరాజు, సన్యాసయ్య గురువుగారిని అడిగాడు. అడగడమైతే అడిగాడు గానీ, అతనికి కావలసింది జవాబు కాదు, మెచ్చుకోలు. ఆ ఏడు దేశమంతా బేరాలు పడిపోయి, గోనె సంచులు కొనేవాడు లేక, మఠం పక్కనున్న జూట్ మిల్లుకి తాళం పడింది. అప్పటికి ఏడు నెలలు. మిల్లు కూలీలుండే ఇళ్ళ లైన్లలో మగవాళ్ళు పని దొరికిన నాడు ఇటుకలు మోస్తున్నారు, దొరకని నాడు గేటు ముందు కూర్చుంటున్నారు. ఆడవాళ్ళు మాత్రం, ఎన్నడూ లేనిది, ఒక్కపొద్దులు పట్టారు. ఏ వారానికి ఏ దేవుడో చెప్పింది పైడిరాజే. సోమవారం శివుడు, గురువారం దత్తాత్రేయుడు, శుక్రవారం లక్ష్మీదేవి, శనివారం వెంకన్న. రోజంతా మెతుకు ముట్టకూడదనీ, ముడితే పెనిమిటికి అరిష్టమనీ గట్టిగా చెప్పాడు కూడా. తన పుణ్యమా అని లైన్లన్నీ క్షేత్రాలైపోయాయని లోలోపల పొంగిపోతున్నాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా!

అంతలో సూరీడమ్మ గుమ్మంలోకి వస్తే, ముందు ఆవిడ సంగతి చూడమన్నారు గురువుగారు.

సూరీడమ్మ మిల్లులో మగ్గం నడిపిన అప్పలసూరి భార్య. ఇద్దరు పిల్లలు. అప్పటికే వారానికి నాలుగు ఒక్కపొద్దులుంటోంది, ఇప్పుడు మంగళ, బుధవారాలకి కూడా ఏదైనా చెప్పమని వచ్చింది. ఇంత భక్తి ఎక్కడా చూడలేదనుకుంటూ పైడిరాజు మంగళవారాన్ని ఆంజనేయస్వామికి ఇచ్చేశాడు. బుధవారం దగ్గర కాస్త తడుముకుని, ఏ దేవుడి మీద నీకు గురి తల్లీ అని అడిగాడు.

"ఏ దేవుడైతేనేం బాబూ," అందామె నెమ్మదిగా. "మా ఇంటాయన నమ్మేటి దేవుడైతే చాలు."

పైడిరాజుకి అర్థం కాలేదు. ఆమె చెప్పింది, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా. మిల్లు మూసిన నెలలోనే పప్పు మానేశారట. ఆ తర్వాత నూనె, ఆ తర్వాత పిల్లల పాలు. ఇప్పుడు కోటా బియ్యం, చింతపండు పులుసు. వండింది ముగ్గురికి సరిపోతుంది, నాలుగో మనిషికి రాదు. తను తినలేదని తెలిస్తే అప్పలసూరి కంచం ఇటు తోసేసి, ఖాళీ కడుపుతో ఇటుకలు మోయడానికి పోతాడు, ఎక్కడ పడిపోతాడో ఏమో. అదే దేవుడి పేరు చెబితే దండం పెట్టుకుని మారుమాట లేకుండా తినేస్తాడు. లైన్లలో ఆడవాళ్ళందరిదీ ఇదే దారి అంది. మొన్న శనివారం బడి పంతులమ్మ జాలిపడి గిన్నెడు అన్నం తెచ్చిస్తే అది కూడా పిల్లలకే పెట్టి, తను ముట్టలేదట. దేవుడి పేరు వాడుకున్నాక భయం ఉండదా, అరిష్టమని మీరే చెప్పారు కదా అంది.

ఇన్నాళ్ళూ భక్తి అని పైడిరాజు మెచ్చుకున్నది ఆకలినా? ఒకరు పెట్టిన ముద్దని కూడా ఆమె నోటి దగ్గర ఆపింది తన మాటేనా? లేచి మఠం బియ్యం బస్తా దగ్గరికి వెళ్ళి, అది అడుగంటి ఉండడం చూసి, అక్కడే నిలబడిపోయాడు. ఆమె ఇంకా బుధవారం కోసం అతని మొహంలోకే చూస్తోంది.

అప్పుడు గురువుగారు అందుకున్నారు. బుధవారానికీ ఒక నేమం ఉందన్నారు. ఆ రోజు వండిందంతా ఒకే పళ్ళెంలో పెట్టి నలుగురూ చుట్టూ కూర్చోవాలి. ఇల్లాలు మొదటి ముద్ద తినందే ఇంటాయన పళ్ళెంలో చెయ్యి పెట్టకూడదు. తప్పితే పెనిమిటికి అరిష్టమే. ఈ మాట లైన్లలో అందరికీ చెప్పమన్నారు.

సూరీడమ్మ మొహం పాలిపోయింది. "నలుగురికీ చాలదు బాబూ," అంది.

"చాలదన్న సంగతి ఏడు నెలలుగా నీ ఒక్కదాని కడుపుకే తెలుసు తల్లీ," అన్నారు గురువుగారు. "అతన్ని కూడా చూడనియ్యి."