పడవకు చుట్టకుదురు

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే ఏముందిలే తల్లీ, అంతా ఇసకే. ముందు సముద్రం, వెనక సరుగుడు తోట, మధ్యన ఇరవై గుడిసెలు. అక్కడ పిల్లల్ని ఎవరూ జోకొట్టక్కర్లేదు, కెరటాలే వచ్చి జోకొట్టి పోయేవి. నీకేమో అమ్మమ్మ కావాలి! సరే, కాళ్ళు ముడుచుకుని పడుకో. ఊఁ కొట్టు.

ఆ ఊళ్ళో కొర్లమ్మ అని కొత్త కోడలు. మొగుడు దానయ్య, మామ పోలయ్య. ఆ ఇంటికంతటికీ ఒక్కటే పడవ. పోలయ్య వయసులో ఉండగా తన చేతుల్తో చేసుకున్న పడవ అది. దాని మీదే బతుకు.

దానయ్య మంచివాడే. పెళ్ళాన్ని పల్లెత్తు మాట అనడు. కానీ ఒక్క బడాయి ఉండేది. చేపల వేటకెళ్ళిన వాళ్ళందరిలోకీ తనే ముందు ఒడ్డెక్కాలి! పెద్ద కెరటం మీదికి పడవని ఎక్కించి, ఒక్క ఊపులో తెచ్చి ఒడ్డుకేసి కొట్టేవాడు. ధన్! అప్పుడు కిందికి దూకి, "చూశారా, నేనే ముందు!" అని మీసం దువ్వేవాడు. మగాళ్ళ బడాయికి మందుందంటావా? మీ తాతయ్యని చూడటంలా!

గుడిసెలో కొర్లమ్మకి ఆ చప్పుడు వినపడేది. హమ్మయ్య, మా ఆయన వచ్చేశాడు అనుకుని కంచంలో అన్నం పెట్టేది. ఆ చప్పుడంటే ఆ పిల్లకి ఎంతో ఇష్టం.

ఒకరోజు పోలయ్య కోడల్ని పడవ దగ్గరికి పిలిచాడు. పడవని ఒక పక్కకి ఒరిగించి, అడుగు చెక్క మీద ఆ పిల్ల చెయ్యి పెట్టించాడు. ఒడ్డున ఇసక కింద అన్నీ గుల్లలూ, పెంకులూ. రోజూ వాటి మీద పడీ, గీసుకునీ ఆ చెక్క అప్పడంలా పలచబడిపోయింది.

"సముద్రం ముంచిందంటారు గానీ అమ్మాయ్, సగం పడవల్ని ముంచేది ఒడ్డే," అన్నాడు పోలయ్య. "దెబ్బ ఇక్కడ తగులుతుంది, ములగడం అక్కడ ములుగుతుంది. కొత్త చెక్క వెయ్యాలంటే వానలు పోవాలి, పడవ నెల్లాళ్ళు ఆరాలి. అందాకా ఇది ఆగాలి. వాడేమో నా మాట వినడు."

ఆ రోజు నుంచి ధన్‌మంటే చాలు, కొర్లమ్మ కంచం వదిలేసి ఒడ్డుకి పరిగెత్తేది. అప్పుడు మొగుడికి చెప్పింది. వాడు నవ్వి, "ఆలస్యం అమృతం విషం" అన్నాడు. "నిదానమే ప్రధానం" అంది ఇది. సామెతలదేముందీ, ఎవరికి కావలసింది వాళ్ళకి దొరుకుతుంది.

ఆ తర్వాత ఒక పొద్దున కొర్లమ్మ నీళ్ళ కుండ తెచ్చి దించుతోంది. గుండ్రటి అడుగు కుండ కదా, ఊరికే నేల మీద పెడితే దొర్లుతుంది, బీట వేస్తుంది. అందుకని కింద గడ్డి చుట్టకుదురు పెట్టి, దాని మీద మెల్లిగా కూర్చోబెట్టింది. కూర్చోబెట్టి, అలా చూస్తూ ఉండిపోయింది. కుండకి కుదురుంది. మరి మా పడవకేదీ?

అప్పుడు వరిగడ్డి పేని, పే...ద్ద చుట్టకుదురు చేసి నీళ్ళ అంచున పెట్టింది. ఊళ్ళో ఆడాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. "ఓలమ్మో, పడవకి కుదురంట!" ఒక కెరటం వచ్చి, కుదురుని ఎత్తుకుని చక్కా పోయింది.

మర్నాడు పాత వలల్లో కొబ్బరి పీచు కూరి, బరువుగా ఇంకో కుదురు చేసింది. ఈసారి కెరటం ఎత్తుకెళ్ళలేదు గానీ, పడవ వచ్చి దానికి తగిలి టక్కున ఆగిపోయింది. దానయ్య ఎగిరి బోర్లా పడ్డాడు. మీసం నిండా ఇసక! నవ్వకే, పాపం. వాడికి ఒళ్ళు మండిపోయింది.

మూడోనాడు పడవకి సెలవు. మధ్యాహ్నం కొర్లమ్మ పడవ నీడలో, దాని అడుగుకి చెవి ఆనించి పడుకుంది. గాలి చల్లగా వీస్తోంది. సముద్రం ఎక్కడో దూరంగా తనలో తను మాట్లాడుకుంటోంది. కళ్ళు మూతలు పడ్డాయి. అప్పుడు కలలో పడవ ముసలమ్మ గొంతుతో పలికింది.

"కుదురు బాగానే ఉందే పిల్లా. కానీ అది నేను కూర్చున్నాక కదా! ముందు నేను ఇంట్లోకి రావాలా వద్దా? నా కడుపు నేలకి రాయకుండా దారి వెయ్యి. అలిసిపోయిన కెరటం మీద నన్ను రానివ్వు."

కొర్లమ్మ లేచి కూర్చుంది. కొబ్బరి మట్టలు ఏరుకొచ్చి, రాత్రంతా నానాలని నీళ్ళలో వేసింది. అన్నం దగ్గర మొగుడి చెయ్యి పట్టుకుంది.

"రేపు నేను చెంగు ఊపేదాకా ఒడ్డుకి రాకు. ఆ చెక్క చీలితే పడవ పోతే పోయింది. నువ్వు పోతే నేనేమైపోవాలి?" అంటూ ఏడ్చేసింది.

తెల్లారి మగాళ్ళు వేటకెళ్ళాక సముద్రం పొంగింది. ఓరి నాయనో, అవేం కెరటాలు! కొర్లమ్మ తడి మట్టల్ని నిచ్చెన మెట్లలా అడ్డంగా పరిచి, వాటికి చేప నూనె రాసింది. పైన, కెరటం అందని చోట, పీచు కుదురు పెట్టింది. పెట్టి, నీళ్ళలో మోకాలి లోతున నిలబడింది.

పడవలన్నీ తిరిగొచ్చాయి. ఒకటి ఉరికి వచ్చి ధన్! ఇంకోటి ధన్! మూడోదాని అడుగు ఫెళ్ళున విరిగింది. "రారా దానయ్యా, నిద్రపోతున్నావా?" అని ఒడ్డున కేకలు. వెనక పెద్ద కెరటం లేచింది. దానయ్య తెడ్డు కూడా లేచింది.

తెడ్డు దిగింది. దానయ్య ఆగాడు తల్లీ! ఊరంతా నవ్వుతుంటే పెళ్ళాం చెంగు వైపే చూస్తూ ఆగాడు.

ఒక కెరటం పోయింది. రెండోది పోయింది. మూడోది పోయింది. ఆ తర్వాత సముద్రం అలిసిపోయి, కాసేపు పళ్ళెంలో నీళ్ళలా ఊరుకుంది. కొర్లమ్మ చెంగు ఊపింది. పడవ మెల్లిగా, కలలో వచ్చినట్టు వచ్చి, మట్టల మీద జారి, వెళ్ళి కుదురులో కూర్చుంది. చప్పుడే లేదు. పోలయ్య వంగి అడుగు తడిమి చూసి, "కొత్త గీత ఒక్కటి లేదు" అన్నాడు. ఆ ముసలాడి కళ్ళు తడిశాయి.

దానయ్య తల వంచుకుని, "ఇవాళ అందరికన్నా ఆఖరున వచ్చానే" అన్నాడు.

"ముందొస్తే ఏంటి, వెనకొస్తే ఏంటి? వచ్చావు. నాకదే కావాలి," అంది కొర్లమ్మ.

అప్పుడు, అడుగు విరిగిన పడవవాడి పెళ్ళాం వచ్చి, "మట్టలు ఎన్నాళ్ళు నానెయ్యాలే?" అని చిన్నగా అడిగింది. ఆ మర్నాటికి ఒడ్డు పొడుగునా ఆడాళ్ళే, చెంగులు పట్టుకుని.

ఊఁ కొట్టడం మానేశావే? సరే, పడుకో.

కెరటమ్మ పొంగింది, పడవమ్మ ఆగింది,
తడి మట్ట మీదుగా మెల్లంగ సాగింది,
కుదురులో కూర్చుని కునికింది, తూగింది.
కథేమో తెడ్డేసి కంచికి పోయింది,
మనింటికి నిద్దర నడిచొచ్చి చేరింది.