ముసుగు ఎత్తిన లుంబే

ఆఫ్రికాలో ఒక పెద్ద నది పక్కన బకోలే అనే అడవి ఉండేది. ఏనుగులు, లేళ్ళు, ఒళ్ళంతా పొలుసులుండే అలుగులు, చింపాంజీలు ఆ నది నీళ్ళే తాగి బతికేవి.

ఆ అడవిలో ఒక ఆచారం ఉండేది. ఎవరైనా చనిపోతే వారి ముఖాన్ని కొయ్యలో చెక్కేవారు. ఒకరు ఆ ముసుగు పెట్టుకుని, ఒళ్ళంతా నారతో కప్పుకుని, డప్పుకు తగ్గట్టు ఆడేవారు. ఆడినంతసేపూ అది కొయ్య కాదు, పోయినవారే. అయినవాళ్ళు ఎదురుగా నిలబడి, చెప్పకుండా మిగిలిపోయిన మాటలు చెప్పుకునేవారు. ఒకరి కోసం ఒక్కసారే ఆడతారు. లోపల ఉన్నది ఎవరో ఎవరూ అడగరు, ఆడినవారు చెప్పరు.

లుంబే అనే చింపాంజీకి ఈ చివరి నియమం అస్సలు నచ్చేది కాదు. అడవి మొత్తంలో లుంబే అంత బాగా ఆడేవాడు లేడు. ఆ సంగతి అందరికంటే ముందు లుంబేకే తెలుసు!

"చెమటోడ్చేది నేను, దండాలు మాత్రం కొయ్యముక్కకా?" అని గొణుక్కునేవాడు.

ఒక ఎండాకాలం, నది తగ్గినప్పుడు, సిబు అనే ఏనుగుపిల్ల తల్లి బురదలో కూరుకుపోయి చనిపోయింది. సిబు ఆ పొద్దున తల్లితో పోట్లాడి దూరంగా వెళ్ళింది. పాపం, దానికి చివరిచూపు కూడా దక్కలేదు. ఆ రోజు నుంచి గడ్డిపరక ముట్టలేదు.

ముసుగులు చెక్కేది ముసలి వడ్రంగిపిట్ట. సిబు అతని దగ్గరికి వెళ్ళింది.

"ఆట రోజు అమ్మ వస్తుందిగా తాతా? తప్పయిందని చెప్పుకోవాలి."

"వస్తుందమ్మా. అప్పటిదాకా కాస్త మేత మెయ్యి, తల్లీ."

వడ్రంగిపిట్ట తేలికైన కొయ్య ఉన్న చెట్టును వెతికి, ముందుగా ఆ చెట్టునే మన్నించమని అడిగాడు. తర్వాత ముక్కుతో ఓపికగా చెక్కాడు. కళ్ళు సగం మూసినట్టు మలిచాడు. తల్లి ఎడమ చెవికి ముల్లు గీరుకుని అయిన చీలికనూ మరిచిపోలేదు. పోయినవారి రంగు తెలుపు కాబట్టి ముఖానికి సుద్దమట్టి పూశాడు.

"ఇది పెట్టుకున్నంతసేపూ నువ్వు లేవు. గుర్తుంచుకో నాయనా," అంటూ ముసుగును లుంబేకి ఇచ్చాడు.

"ఆట నాకు నేర్పుతావా తాతా?" అని లుంబే నవ్వేశాడు.

సాయంత్రం డప్పు మోగింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, లుంబే అద్భుతంగా ఆడాడు. అచ్చం ఆ తల్లి ఏనుగులాగే బరువుగా అడుగులేశాడు, ఆగి గాలి వాసన చూశాడు. సిబు ఆ చీలిన చెవి చూసి ముందుకు వచ్చింది.

"అమ్మా, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టింది.

అడవంతా వెక్కి వెక్కి ఏడుస్తోంది. అదంతా తన ఆట గొప్పతనమే అనుకున్నాడు లుంబే. ఇక ఉండబట్టలేకపోయాడు. ముసుగు పైకెత్తి, "చూశారా? నేనే, లుంబేని!" అని పళ్ళికిలించాడు.

డప్పు ఆగిపోయింది. ఎవరూ మెచ్చుకోలేదు.

"అమ్మ ఏదీ?" అంది సిబు.

లుంబే కంగారుపడ్డాడు. "మళ్ళీ పెట్టుకుంటాలే. చెప్పు, చెప్పు."

"ఇంక నువ్వే కనిపిస్తావు," అని సిబు వెనుదిరిగింది. చెప్పాలనుకున్న మాట, ముసలిదయ్యేదాకా దాని గుండెలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత లుంబేని ఎవరూ ఆటకు పిలవలేదు. ఇంకెవరో ఆడసాగారు. లుంబేకున్నంత నేర్పు వారికి లేదు, కానీ ఆ ముసుగు ముందు ఏడ్చినవాళ్ళు మనసు తేలికపడి ఇంటికి వెళ్ళేవారు. అడవంతా ఆ ఆటనే కోరుకుంది. ఎవరా ఆడేది అంటారా? నేను కూడా చెప్పను.

కొన్నేళ్ళకు లుంబే తల్లి చనిపోయింది. ముసుగు వచ్చి ఎదురుగా నిలబడింది. నుదుటి ముడతలతో సహా ఆమె ముఖమే. చెల్లెళ్ళు "అమ్మా!" అంటూ కాళ్ళ మీద పడ్డారు. లుంబే కూడా నోరు తెరిచాడు. కానీ అతని చూపు నార సందుల్లోకే పోయింది. ఆ కాళ్ళు లేడివా? ఆ ఊపిరి అలుగుదా? ఎంత చూసినా కొయ్య, సుద్ద, నారే కనిపించాయి. వద్దనుకున్నా వెతకడం ఆపలేకపోయాడు.

ఇంతలో డప్పు ఆగింది. ముసుగు మెల్లగా చెట్ల మధ్యకు వెళ్ళిపోయింది. అందరూ ఆ తల్లిని సాగనంపారు, లుంబే తప్ప.

నీతి: నలుగురి నమ్మకాన్ని మోసేవాడు తన పేరు చాటుకోవాలని చూస్తే, ఆ నమ్మకం చివరికి తనకూ దక్కదు.