గుమ్మం మీద గూడు

గవర్రాజు మాస్టారి దగ్గర ఒక చిక్కుంది. ఆయన్ని ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరకదు, పని దొరుకుతుంది. లయంటే ఏమిటండీ అని అడిగిన పెద్దమనిషి ఒకాయన ఆ పూటంతా బావిలోంచి నీళ్లు తోడి గంగాళం నింపి వెళ్లాడు. చెయ్యి ఎందుకు బరువెక్కుతోందని అడిగిన మరొకాయన చేత పెరట్లో పెండలం తవ్వించారు. వాళ్ల సందేహాలు తీరాయో లేదో తెలియదు గానీ, మాస్టారింట్లో నీళ్లకీ దుంపలకీ మాత్రం ఏనాడూ లోటు రాలేదు. మండపేట చుట్టుపక్కల మృదంగం పట్టినవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. అయినా వెళ్లి అడుగుతూనే ఉంటారు.

ఆ ఏడు భాద్రపదంలో మార్కండేయులు వచ్చాడు. నలభై దాటిన మనిషి, మాస్టారి శిష్యుల్లో పాతవాడు, కచేరీల్లో నలుగురికీ తెలిసినవాడు. గుడ్డసంచిలో మృదంగం భుజాన వేసుకుని వీధిగుమ్మం దాకా వచ్చి, అక్కణ్ణించి పక్కసందులోకి మళ్లి, చాకిరేవు రాయి దాటి, ఆరేసిన చీరల కిందుగా వంగి, పెరటి గుమ్మంలోంచి ఇంట్లోకి చేరుకున్నాడు. కొంతకాలంగా మాస్టారింటికి అందరూ అలాగే వస్తున్నారు. దానికి కారణం కందిరీగలు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒకే ఒక్క కందిరీగ వచ్చి వీధిగుమ్మం ద్వారబంధం పైకమ్మికి బూడిదరంగు మొగ్గలాంటిది ఒకటి అంటించింది. మాస్టారి భార్య సుభద్రమ్మగారు చూసి, ఒక్కటే గదా, పోనీలే అనుకున్నారు. వానలు పడేసరికి అది తామరకాయంత అయింది. శ్రావణం నాటికి పళ్లెమంత అయి, చుట్టూ ఎప్పుడూ పదీ పదిహేను ముసురుతూ ఉండేవి. పాలుపోసే వీర్రాజుకి కన్ను మూసుకుపోయేలా కుట్టాక ఇక ఆ గుమ్మంలోంచి మనుషులు తిరగడం మానేశారు. గాలి కోసం తలుపు తీసే ఉంచేవారు, అంతే. చివరికి ఆవిడ ముగ్గు కూడా పెరటి గుమ్మం ముందుకి మారిపోయింది.

మార్కండేయులు వచ్చీ రాగానే అడగలేదు. కాఫీ తాగాడు, ఎండల సంగతి మాట్లాడాడు, మాస్టారి మోకాళ్ల నొప్పి గురించి వాకబు చేశాడు. ఆ తర్వాత గ్లాసు కిందపెట్టి, "రేపు పొద్దున్న గోవర్ధనం ఇక్కడికి వస్తానన్నాడు మాస్టారూ" అన్నాడు.

గోవర్ధనం గాయకుడు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. చదువుకున్నారనేకన్నా, అతను పాడుతుంటే ఇతను బెంచీ వాయించేవాడనడం న్యాయం. పెద్దయ్యాక కూడా అతని పాట ఎక్కడుంటే ఇతని మృదంగం అక్కడుండేది. ఆ ఏడు శ్రీరామనవమి పందిట్లో కచేరీ బాగా పొద్దుపోయేదాకా సాగింది. మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనం వేళ వచ్చింది. మార్కండేయులు ఎడమ మూతకి నాదం కోసం పెట్టే రవ్వముద్ద సరిచేసుకుని సిద్ధంగా కూర్చున్నాడు. అప్పుడు గోవర్ధనం మైకులో నవ్వుతూ, "మావాడు మొదలెడితే మీకు ఆఖరి బస్సు తప్పిపోతుంది" అని, తని వంతు దాటేసి మంగళం అందుకున్నాడు. పందిరంతా నవ్వింది. మార్కండేయులు కూడా నవ్వాడు. తను కూడా నవ్వానన్నదే అతనికి తర్వాత మింగుడుపడలేదు.

గోవర్ధనం చెడ్డవాడేం కాదు, నోరు కాస్త తేలిక. చేసిన పని తెలిసొచ్చాక ఇంటికొచ్చి, రెండు చేతులూ పట్టుకుని, "తప్పయిపోయిందిరా" అన్నాడు. మార్కండేయులు మర్యాదగా కాఫీ ఇప్పించి, "పర్లేదు, నా మనసులో ఏం లేదు" అని పంపించాడు. ఆ మాట నిజంగానే అన్నాడు. కానీ ఆ తర్వాత గోవర్ధనం ఎప్పుడు కబురు పెట్టినా ఒకసారి జ్వరం, ఒకసారి చుట్టాలు, ఒకసారి మృదంగం మరమ్మతు. ఇప్పుడు నవరాత్రుల కచేరీ వచ్చింది. ఈసారి కూడా కాదంటే ఇంక జన్మలో అడగనని గోవర్ధనం తెగేసి చెప్పి, జవాబు కోసం మాస్టారింటికే వస్తానన్నాడు. మార్కండేయులికి కాదనాలని లేదు. అవునని మాటివ్వలేకపోతున్నాడు.

"మనసులోంచి తీసేశాను మాస్టారూ. ఒట్టేసి చెబుతున్నాను. కానీ వాడు వీధి మొగలో కనపడితే నా కాళ్లు పక్కకి పోతాయి. తీసేశాక కూడా ఇలా ఎందుకుంటుంది?"

మాస్టారు విన్నారు. కళ్లజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకున్నారు. "నిచ్చెన ఎక్కుతావా నువ్వు?" అని అడిగారు.

"ఎక్కుతానండి."

"అయితే ఆ వీధిగుమ్మం మీద గూడు సంగతి చూడు. ఇంట్లో ఎవరికీ పట్టలేదు."

ఇది ఇలాగే జరుగుతుందని మార్కండేయులికి తెలుసు. అయినా రేపటి గండం నెత్తిమీద పెట్టుకుని వచ్చినవాడికి కొంచెం కష్టమే అనిపించింది. లేచి, పెరట్లో మామిడికాయలు కోసే దోటీ తీసుకుని బయల్దేరాడు. మాస్టారు ఆపారు.

"ఇప్పుడు కాదు. సగం బయటికి పోయుంటాయి. అవి తిరిగొచ్చి గూడు కనపడకపోతే ఏ పాపం ఎరగనివాణ్ణి పట్టుకు కుడతాయి. దీపాలవేళకి అన్నీ చేరనీ."

ఆ సాయంత్రం మార్కండేయులు పని శ్రద్ధగానే చేశాడు. పంచె మీద దుప్పటి కప్పుకుని, తలకి సుభద్రమ్మగారి పాత చీర చుట్టుకుని, పిడకల మీద పచ్చి వేపాకు వేసి గుమ్మం కింద పొగ పెట్టాడు. ఆ వేషంలో అతన్ని గోవర్ధనం చూసి ఉంటే తగువు అక్కడికక్కడే తీరిపోయేది. పొగ మందంగా లేచి పైకమ్మిని కప్పేసింది. కందిరీగల్లో కొన్ని మత్తుగా రాలిపడ్డాయి, కొన్ని ఎదురింటి చెట్లలోకి పోయాయి. గూడు కదలకుండా వేలాడుతూ ఉండిపోయింది. దోటీతో దాని మొదట్లో పొడిచి, తడిపిన గోనె మీదికి పడేట్టు తీశాడు. గోనె మడిచి తీసుకుపోయి కాలవ అవతల పారేసి వచ్చాడు. తర్వాత నిచ్చెనెక్కి, కమ్మికి అంటుకున్న తొడిమని చాకుతో గీకి, అక్కడంతా వేపనూనె రుద్దాడు. ఆలస్యంగా వచ్చిన ఒకే ఒక్కటి అతని ఎడమ చెవి మీద కుట్టింది. సుభద్రమ్మగారు సున్నం రాస్తూ, "చెయ్యి మీద కుట్టలేదు, నయం" అన్నారు. కచేరీ వాయిస్తాడనే ఆవిడ నమ్మకం.

దీపం పట్టుకుని మాస్టారు కూడా వచ్చి చూశారు. కమ్మి మీద నూనె మరక తప్ప ఇంకేమీ లేదు. "బాగా తీశావు. ఇంక లేనట్టేగా?" అన్నారు.

"లేదండి. నేనే గీకేశాను."

ఆయన తలాడించి లోపలికి వెళ్లిపోయారు. మార్కండేయులు ఆ రాత్రి మృదంగం పక్కన పెట్టుకుని వీధరుగు మీద పడుకున్నాడు. చెవి సలుపుతూనే ఉంది. దానికన్నా తెల్లారితే ఏం చెప్పాలన్న ఆలోచనే ఎక్కువ సలిపింది.

పొద్దున్న ఇంకా తడిగాలి వీస్తుంటే మాస్టారు వచ్చి అరుగు మీద కూర్చుని పేపరు విప్పారు. "ఆ మృదంగం లోపల పెట్టరా, చెమ్మ తగిలితే చర్మం వదులైపోతుంది" అన్నారు. మార్కండేయులు దాన్ని ఎత్తుకుని అరుగు దిగాడు. సందులోకి మళ్లాడు. రాయి దాటాడు, చీరల కిందుగా వంగాడు. పెరటి గుమ్మం పొట్టిది కావడంతో నుదురు ఠప్పున కొట్టుకున్నాడు. అక్కడ సుభద్రమ్మగారు ముగ్గుపిండి గిన్నె పట్టుకుని వంగుని చుక్కలు పెడుతున్నారు. తలెత్తి చూశారు.

"నిన్న నువ్వేగా నాయనా తీసింది. మళ్లీ ఇటొచ్చావేం?"

"మీరూ ముగ్గు ఇక్కడే పెడుతున్నారు గదమ్మా."

ఆవిడ చేతిలో గిన్నె చూసుకుని నవ్వేశారు. అతనూ నవ్వాడు. కాసేపటికి వీర్రాజు కూడా పాలబిందెతో సందులోంచే వచ్చాడు. గూడు పోయిందని చెబితే సంతోషించి, పాలు కొలిచి, మళ్లీ సందులోంచే వెళ్లిపోయాడు. ఇంతమంది సందు పట్టుకు తిరుగుతుంటే, తెరిచిన వీధిగుమ్మంలోంచి ఎండ తీరిగ్గా వచ్చి నట్టింట్లో పడింది.

మార్కండేయులు నట్టింట్లో మృదంగం గోడకి ఆనించి, దాని పక్కనే కూర్చున్నాడు. సంచి విప్పలేదు. విప్పితే ఒప్పుకున్నట్టవుతుంది, విప్పకపోతే కాదన్నట్టవుతుంది అనిపించి, సంచి ముడి మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు. మిత్రుడు రాకుండా ఉంటే బాగుండునని ఒక క్షణం, ఇంకా రాలేదేమిటని ఒక క్షణం అనుకున్నాడు. అంతలో వీధిలో రిక్షా ఆగిన చప్పుడైంది.

గోవర్ధనం దిగాడు. అతను ఆ వేసవి తర్వాత మాస్టారింటికి రాలేదు. కందిరీగల సంగతి గానీ, వీర్రాజు కన్ను సంగతి గానీ అతనికి తెలియదు. అరుగు మీదున్న మాస్టారికి దణ్ణం పెట్టి, చేతిసంచితో మెట్లెక్కి, ఎప్పటిలాగే నేరుగా వీధిగుమ్మంలోకి అడుగుపెట్టబోయాడు.

"ఒరేయ్, ఆగు. తల వంచు."

ఆ మాట మార్కండేయులి నోట్లోంచే వచ్చింది. ఎప్పుడు లేచి నిలబడ్డాడో అతనికే తెలియదు. గోవర్ధనం అడ్డమైన ప్రశ్నలు వెయ్యలేదు. చిన్నప్పటి నుంచీ ఈ గొంతు ఆగమంటే ఆగడం అతనికి అలవాటు. ఉన్నచోటే గబుక్కున వంగి, చేతిసంచి నెత్తిమీద పెట్టుకున్నాడు. శ్రీరామనవమి తర్వాత మార్కండేయులు తనంత తానుగా అతనితో అన్న మొదటి మాట అదే.

పైన ఏ చప్పుడూ లేదు. గోవర్ధనం వంగునే మెడ పక్కకి తిప్పి కమ్మి వంక చూశాడు. నూనె మరక కనపడింది.

"ఏవుందిరా ఇక్కడ?"

"కందిరీగల గూడుండేది. నీకు కుడతాయేమోనని..." మార్కండేయులు ఆగిపోయాడు. "నిన్న సాయంత్రం తీసేశాను."

"తీసేస్తే మళ్లీ నన్ను వంగమన్నావేం?"

నిన్న తను మాస్టారిని అడిగిన ప్రశ్నే తిరిగి తన దగ్గరికి వచ్చింది. ఎదురుగా మిత్రుడు నెత్తిన సంచి పెట్టుకుని, ఇంకా వంగునే, లేవమనేదాకా లేవకూడదన్నట్టు చూస్తున్నాడు. జుట్టు బాగా నెరిసింది. ఈ కొద్ది నెలల్లోనే నెరిసిందో, అంతకు ముందే నెరిస్తే తను చూడలేదో. మార్కండేయులికి వాడి మీద జాలి వేసింది, తన మీద అంతకన్నా ఎక్కువ సిగ్గు వేసింది. నాలుగడుగులు వేసి, గడప మీద కాలుపెట్టి, చెయ్యి చాచి గోవర్ధనం భుజం పట్టుకున్నాడు. తను సరిగ్గా ఆ కమ్మి కిందే నిలబడ్డానని అప్పుడు తెలిసింది. మెడ తనంతట తానే కొంచెం కుంచించుకుంది.

అరుగు మీద మాస్టారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"తియ్యడం ఒక సాయంత్రం పనిరా మార్కండేయా. నడక అలవాటవడానికే కొన్నాళ్లు పడుతుంది. ముందు వాణ్ణి లోపలికి తీసుకురా. ఈ దారినే."