నక్క తెప్పకు ఐదు స్టార్లు

కొండ మీద సెల్ టవర్ లేచిన ఏడాదే చిలకలవాగు అడవిలో కాకి దగ్గర్నుంచి ఏనుగు దాకా అందరికీ ఫోన్లొచ్చాయి. పొద్దుటెండలో వాగు పట్టీలు కట్టుకున్న పిల్లలా గలగలా పోతుంటే దాని వంక చూసేవాళ్ళే లేరు. తలొంచుకుని ఫోన్లో "వాగు దాటించేవారు" అని వెతకడమే. వెతికినవాళ్ళకి పేర్లు వరసబెట్టి చూపించేది గోరింక. ఎవరి గురించి ఎక్కువమంది మంచిగా రాసి స్టార్లిస్తే వాళ్ళ పేరు పైన.

ఆ రేవులో ఉన్నది ఇద్దరే. వీపు మీద దాటించే గేదె నాంచారమ్మ, తెప్ప మీద దాటించే నక్క భద్రయ్య. తొలకరి మబ్బు కనిపించేనాటికి ఎవరి పేరు పైనుంటే రేవు వాళ్ళదేనని, రెండోవాళ్ళు అడవి దాటి పోవాల్సిందేనని మృగరాజు చాటింపు వేయించాడు. నాంచారమ్మకు ఆ వాగంటే ప్రాణం. తను ఈత నేర్చిందీ అక్కడే, తన దూడ మొదటి మునకేసిందీ అక్కడే.

ఓ పొద్దున కుందేలు చిట్టెమ్మ నాంచారమ్మ దగ్గరికి పరుగున వచ్చింది.

"పెద్దమ్మా, కొంప మునిగింది! మేక సూరమ్మ నీకు ఒక్కటంటే ఒక్క స్టారిచ్చింది. ఆలస్యంగా వచ్చావట, తోకతో మొహాన బురద కొట్టావట. నీ పేరు కిందకి జారిపోయింది!"

"నిజమే కదే."

"నిజమైతే మాత్రం! మనమూ నాలుగు తిట్లు రాద్దాం."

"తిడితే తోక శుభ్రమవుతుందా? నేను చెప్తా, రాయి. 'సూరమ్మ వదినా, ఆ రోజు దూడకి ఒళ్ళు కాలిపోతుంటే ఆలస్యమైంది. తోక తప్పు నాదే. ఇకనుంచి కట్టేసుకుని వస్తా. ఇంకోసారి ఎక్కి చూడు.'"

సూరమ్మ మూతి ముడుచుకునే ఎక్కింది. దిగేటప్పుడు మాత్రం నవ్వుకుంటూ దిగి, ఒక్క స్టారు చెరిపి నాలుగు పెట్టింది. ఓర్చినమ్మకు తేటనీరు. ఆనాటి నుంచి చిట్టెమ్మ, దిగినవాళ్ళందరినీ "ఎలా ఉందో మీ మాటల్లో రాయండి, బాగోకపోయినా రాయండి" అని అడిగేది. "ముళ్ళు గుచ్చినా తిట్టలేదు" అని ముళ్ళపంది రాసింది. "నెమ్మదే గానీ నాకంటే నయం" అని నత్త రాసింది.

నాంచారమ్మ పేరు మళ్ళీ పైకొచ్చేసరికి భద్రయ్యకు కడుపు మండింది. "ఒక్కొక్కణ్ణి దాటించి ఒక్కో మాట రాయించుకోవడమా! ఎప్పటికి తెమిలేది? ఎన్ని ఉన్నాయో చూస్తారు గానీ చదివేదెవడు?" అనుకుని నీళ్ళ మీదికి వంగాడు.

"అల్లుళ్ళూ, కోడళ్ళూ! నేను చెప్పింది చెప్పినట్టు రాయండి. తలా ఓ పిండిముద్ద."

"అలాగే మావా!" అన్నాయి చేపలు. సాయంత్రానికి మూడొందల మెచ్చుకోళ్ళు, ఒక్కోదానికి ఐదేసి స్టార్లు. నక్క పేరు శిఖరానికెక్కింది.

తొలకరి మబ్బు పట్టిన రోజు మృగరాజు రేవుకొచ్చాడు. నాంచారమ్మ దూడను పక్కన పెట్టుకుని వాగును కళ్ళారా చూసుకుంటోంది, ఇదే ఆఖరన్నట్టు.

"రేవు నాదే ప్రభూ!" అని తోకాడించాడు భద్రయ్య.

"ఉండరా, ఏం రాశారో చూడనీ." మృగరాజు పైకే చదివాడు. "'భద్రయ్యగారి తెప్పెక్కి హాయిగా వాగు దాటాను. ఒంటికి చుక్క నీరు అంటలేదు.' రాసింది బొమ్మిడాయి. ఆ కిందదీ అదే ముక్క, రాసింది కొరమీను. ఆ కింద జెల్ల..." ఫోను దించాడు. "ఏరా, చేప తెప్పెక్కి వాగు దాటిందా? అదీ తడవకుండా?"

"అంటే... కొన్నిటికి నీళ్ళు పడవు ప్రభూ. జలుబు చేస్తుందని..."

చూడ్డానికొచ్చిన ఏనుగు నవ్వు ఆపుకోలేక ఒడ్డున కూలబడింది. అంతలో బొమ్మిడాయి నీళ్ళలోంచి మూతి బయటపెట్టి, "మావా, పిండెప్పుడేస్తావ్?" అంది.

గోరింక ముక్కుతో మూడొందలూ తుడిచేసింది. నక్క పేరు కింద ఇక ఒక్క మాటా మిగల్లేదు. మృగరాజు నాంచారమ్మ వీపెక్కి అవతలికి సాగుతుంటే, భద్రయ్య తెప్పను భుజానేసుకుని అడవి దాటే దారి పట్టాడు.

అరువు తెచ్చుకున్న మెప్పు మోకాలి లోతు కూడా దాటించదు.