రెండు పళ్ళు ఆనుకున్న చోట

తన కంటి మీద హిమజకు మహా నమ్మకం. చిన్న అద్దం నోట్లో పెట్టి, గాలి కొట్టి పన్ను ఆరబెట్టి చూసిందంటే ఎక్కడ పుచ్చు ఉందో ఇట్టే చెప్పేస్తుంది. ఆ ప్రభుత్వ దంత వైద్యశాలలో తోటి హౌస్‌సర్జన్లు ప్రతిదానికీ ఎక్స్‌రే గది ముందు కాచుకుంటే, ఆమె పేషెంట్లను చకచకా పంపించేసేది. పెద్ద డాక్టరు మెహరున్నీసా ఆ వేగాన్ని మెచ్చుకోలేదు, తప్పూ పట్టలేదు. అదే హిమజకు గుచ్చుకునేది.

ఆ రోజు ముసురు. వరాలు అనే ఆవిడ చెంప పట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది. పక్కనే మొగుడు నిలబడ్డాడు.

"ఎక్కడమ్మా నొప్పి?" అడిగింది హిమజ.

"కుడేపండి," అన్నాడు మొగుడు. "నిద్రట్టదంటదండి. వంట దగ్గరికెళ్ళాలంటే బద్ధకం, అంతేనండి."

"ఎప్పట్నుంచి?"

"దీనికి ఎప్పుడూ ఏదో ఒకటేనండి."

వరాలు పళ్ళు చూపించడానికి మాత్రమే నోరు తెరిచింది.

పళ్ళు తెల్లగా, వరసగా ఉన్నాయి. పుచ్చు వెతికే ప్రోబ్ సన్నటి మొన ఎక్కడా దిగబడలేదు.

"పుచ్చు లేదు. పళ్ళు బాగున్నాయి," అని హిమజ చీటీ అందుకుంది.

"చెప్పానా?" అన్నాడతను పెళ్ళాంతో. "ఇంటికి పద. నీ నొప్పి సంగతి అక్కడ చెప్తాను."

వరాలు లేవలేదు. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది.

మెహరున్నీసా వచ్చి చీటీ మీద అరచెయ్యి పెట్టింది. "ఎక్స్‌రే తీద్దాం. నువ్వు బయట కూర్చో నాయనా. ఆ గదిలోకి మొగుళ్ళని రానివ్వం."

"నేను లేకపోతే అదేం చెప్పలేదండి!"

"ఫొటోకి మాటలక్కర్లేదులే."

ఎక్స్‌రే గదికి లోపల గడియ పెట్టారు. తీయడం క్షణంలో అయిపోయింది. తెర మీద బొమ్మ పడింది. రెండు దవడ పళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డ చోట, ఏ అద్దానికీ అందని చోట, నల్లటి నీడ. నరం దాకా తినేసింది.

హిమజ ముఖం మాడిపోయింది. "నాకు కనపడలేదు మేడమ్."

మెహరున్నీసా తెర మీంచి చూపు తిప్పి వరాలును చూసింది. నాలుగు తిట్టినా బాగుండేది.

తలుపు టకటకలాడింది. "ఎంతసేపండీ? పెళ్ళి ఫొటోలేమన్నా తీస్తున్నారా?"

హిమజ గడియ వైపు నడిచింది. "అయిపోయింది కదా మేడమ్, అతన్ని పిలుస్తాను."

"అవలేదు," అంది మెహరున్నీసా.

యంత్రం ఆపేసింది. స్టూలు లాక్కుని వరాలు ఎదురుగా కూర్చుంది. ఆమె నోటి మాట కోసం ఎదురుచూసింది. వరాలు ఒకసారి ఆమెను చూసింది, ఒకసారి తలుపును చూసింది. పెదవి కదిలి ఆగిపోయింది.

బయట ఈసారి పిడికిలితో బాదాడు.

హిమజ గడియ మీంచి చెయ్యి తీసేసింది. వెనక్కి తిరిగి, తలుపుకు వీపు ఆనించి నిలబడింది. ఒక్కో దెబ్బా వెన్నులోకి దిగుతోంది.