గడ్డి దూడ

ఎవరు ఏం అడిగినా ఆశ్రమం గురువు అవధాని గారు చేతిలో పని వదలకుండానే వినేవారు. జవాబు కూడా ఆ పనిలోంచే వచ్చేది. పురుషోత్తానికి ఈ పద్ధతి మొదటినుంచీ అనుమానమే. ఆడిటరుగా ఉన్నంతకాలం ఎవరి మాటా నమ్మకపోవడమే అతని ఉద్యోగం. రిటైరయ్యాక ఈ ఆశ్రమానికి వచ్చి శిష్యుడిగా చేర్చుకోమంటే, ముందు ఒక ఉపవాసం గట్టెక్కమన్నారు గురువుగారు. "మీరా, ఉపవాసమా!" అని భార్య నవ్వి మరీ సాగనంపింది. ఓడిపోయి మళ్ళీ ఆ నవ్వు ముందు నిలబడాలంటే అతనికి తల కొట్టేసినంత పని.

తనతోపాటు ఉపవాసమున్నవాళ్ళకు రెండో రోజుకే ఆకలి సద్దుమణిగింది. ఇతనికి మాత్రం కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. అనుమానం పెనుభూతమంటారు, అది కాస్తా పొద్దున్నే ఇచ్చే కషాయం మీద వాలింది. సంచీ సర్దుకుని, తేల్చుకుందామని నేరుగా గురువుగారున్న గేదెల కొట్టంలోకి వెళ్ళాడు.

"అందరి ఆకలీ చస్తుంటే నాది పెరుగుతోంది. నా కషాయంలో ఏం కలుపుతున్నారండీ?"

గురువుగారు అతని దవడ వంక చూశారు. "నోట్లో ఏమిటి నాయనా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు పురుషోత్తం చెయ్యి బుగ్గ మీదికి పోయింది.

"చూయింగ్ గమ్మండీ. చక్కెర లేనిది. ఆకలి మరిచిపోదామని పొద్దస్తమానం నములుతున్నా, అంతే. కడుపులోకి ఏమీ పోనప్పుడు ఒంటికి దాంతో ఏం పని?"

అవధాని గారు లేచి, చూరుకు వేలాడుతున్న దూడను దించారు. పుట్టిన దూడ చచ్చిపోతే, దాని తోలులో గడ్డి కూరి కుట్టిన బొమ్మ అది. ముందు నిలబెట్టగానే గేదె అనుమానంగా వాసన చూసింది, నాకింది, కాసేపటికి పాలు చేపింది. పొదుగు బిగిసి, పాలు బొట్లుబొట్లుగా నేల మీద పడుతున్నాయి. గురువుగారు చెంబు ముట్టుకోలేదు. గేదె కాళ్ళు మార్చింది, తోక ఝాడించింది, చివరికి అరవడం మొదలుపెట్టింది.

పురుషోత్తం ఉండబట్టలేకపోయాడు. "పితకండి స్వామీ, పాపం! దాన్ని ఆశపెట్టి అలా వదిలేస్తారేమిటి?"

ఆ మాట అంటూండగానే అతని దవడ ఆగింది. మెల్లగా సంచీ కింద పెట్టాడు.

అవధాని గారు చెంబు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నారు.

"దూడ గడ్డిదని నీకూ నాకూ తెలుసు," అన్నారు మొదటి ధార తీస్తూ. "పొదుగుకి ఎవరు చెబుతారు?"