గుల్లలపాడు నూతిలో సంద్రాలమ్మ వెలసిన కథ

మెట్టసీమ ఎర్రనేలల నడుమ ఉన్న గుల్లలపాడుకు మొదటిసారి వచ్చే భక్తులు గోపురం కోసం వెతుకుతారు. ఇక్కడ గోపురం లేదు. సంద్రాలమ్మ తల్లి కొలువై ఉన్నది నేల లోపల. ఊరి నడుమ దిగుడుబావిలో నలభై ఒక్క మెట్లు దిగితే, పైన ఒక నల్లరాతి పొరకూ కింద మరొక నల్లరాతి పొరకూ మధ్య, మూరెడు మందాన తెల్లని పట్టీ బావి గోడ చుట్టూ తిరిగి కనిపిస్తుంది. ఆ పట్టీ నిండా రాయిగా మారిన గుల్లలే. వాటిలో అరచేతి కంటే పెద్దదైన ఒక గుల్ల రెండు మూతలూ మూసుకుని గోడలోనే ఉంది. పసుపు కుంకుమలు ఆ గుల్లకే. సముద్రం ఇక్కడికి ఇరవై క్రోసుల దూరం. అంత దూరపు గుల్ల ఈ రాతిలోకి ఎలా వచ్చిందో, ఈ ఊరిని ఎలా నిలబెట్టిందో పెద్దలు చెప్పుకుంటూ వచ్చిన ప్రకారం ఇక్కడ విన్నవిస్తున్నాము.

పూర్వం ఇక్కడ ఉన్న ఊరి పేరు బీటలపాడు. వరుసగా మూడేళ్ళు వానలు లేక చేలు బీటలు వారాయి. క్రోసు దూరంలోని వాగు ఇసుకలో చెలమలు తీసి, ఊరిన నీటిని చెంబుతో ముంచి తెచ్చుకునేవారు. ఊరి మునసబు పేరంనాయుడు నూయి తవ్వించాలని వడ్డెరలను పిలిపించాడు. ఆ జట్టు పెద్ద వల్లెపు యల్లయ్య. అతని భార్య పోలమ్మ తట్టలు మోసేది. నూతిలోంచి వచ్చిన ప్రతి తట్టా ఆమె తల మీదుగానే గట్టుకు చేరేది.

ఎర్రమన్ను మనిషి ఎత్తున రెండు నిలువులు సులువుగా వచ్చింది. ఆ కింద నల్లరాయి తగిలింది. గునపాల మొనలు వంగిపోయాయి. తాటిమట్టలు పేర్చి మంట పెట్టి, రాయి వేడెక్కి బీటలిచ్చాక సమ్మెటలతో కొట్టినా నెలకు రెండు నిలువులే దిగింది. చెమ్మ జాడ లేదు. పేరంనాయుడు అందరినీ కూర్చోబెట్టి, "చైత్ర పున్నమి దాకా చూస్తాను. అప్పటికీ దారి కనబడకపోతే బళ్ళు కట్టుకుని పల్లపు సీమకు పోదాం" అన్నాడు.

పున్నమికి పది రోజులు ఉందనగా పోలమ్మ నీళ్ళకు వాగుకు వెళ్ళింది. చెలమ నిండే దాకా చేసేదేమీ లేక, ఎదుటి గట్టు వైపు చూసింది. పాత వరదలు ఆ గట్టును కత్తితో కోసినట్లు నిలువునా కోశాయి. పైన ఎర్రమన్ను. దాని కింద నల్లరాయి. తను రోజూ మోస్తున్న మన్నూ రాయీ అవే! నల్లరాయి కింద తెల్లని పట్టీ, దాని కింద మళ్ళీ నల్లరాయి, అట్టడుగున పసుపుపచ్చని ఇసుకరాయి. ఆ ఇసుకరాయి నుంచి చెమ్మ కారుతోంది. అంత కరువులోనూ అక్కడ పచ్చని నాచు పట్టి ఉంది.

పోలమ్మ బిందెను అక్కడే వదిలి గట్టెక్కింది. కొలతకని వెంట ఉన్న తాడును పైనుంచి వేలాడదీసి ఒక్కొక్క పొరకూ ఒక్కొక్క ముడి వేసింది. పై నల్లరాయి మూడు నిలువులు, కింది నల్లరాయి రెండు. తెల్లని పట్టీ నుంచి కిందికి రాలిపడ్డ ఒక పెళ్ళను విరిచి చూస్తే దాని నిండా గుల్లలు! అమ్మవారు కలలో కనిపించి చెప్పిందని కొందరంటారు. పోలమ్మ మాత్రం బతికినన్నాళ్ళూ, "కల కాదు బాబూ, పట్టపగలు ఈ కళ్ళతోనే చూశాను" అనేదట.

ఆమె ఆ పెళ్ళతో పరుగున వచ్చి సంగతి చెప్పగా పేరంనాయుడు తల అడ్డంగా ఊపాడు. "క్రోసు దూరంలోని గట్టుకూ మన నూతికీ ఏం సంబంధం పోలమ్మా? ఆ గుల్లలు సున్నం కాల్చేవాళ్ళు ఎప్పుడో పారబోసినవై ఉంటాయి."

ఆనాడు ఊళ్ళో సంత. సముద్రపు ఒడ్డు నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్మే ఓలేటి కాసులమ్మ అక్కడే కూర్చుని ఉంది. పెళ్ళను చేతిలోకి తీసుకుని, కత్తిమొనతో గీకి, ఒక్కసారిగా లేచి నిలబడింది.

"పారబోసినవి కావు నాయుడుబాబూ! గుల్లను విప్పి కండ తిన్నాకే కదా ఎవరైనా పారేస్తారు? అప్పుడు మూతలు విడిపోతాయి. ఇవి మూసుకునే ఉన్నాయి. బతికుండగానే బురదలో కూరుకుపోయాయి. మా ఏటి మొగలో, ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోట ఇలాగే పరుపులు పరుపులుగా పెరుగుతాయి."

"అయితే ఇక్కడ సంద్రం ఉండేదంటావా?"

"ఉండేది బాబూ. సంద్రమంటే చెంబులో నీళ్ళా, ఒక్క చోటనే ఉండటానికి? ఆ గట్టు కింద ఉన్నది మీ ఊరి కిందా పరుచుకునే ఉంటుంది."

పోలమ్మ ఆనందం పట్టలేక కాసులమ్మను కౌగిలించుకుంది. "ఇంకొక్క నిలువు తవ్వితే గుల్లలు రావాలి నాయుడుబాబూ! గుల్లలు వచ్చాయంటే కింద వరసంతా అదే. అడుగున నీరే!"

ఆ పది రోజులూ సమ్మెటల మోత ఆగలేదు. పున్నమి నాటి ఉదయానికి, పోలమ్మ వేసిన ముడి ప్రకారం, నల్లరాయి ఇంకా జానెడు మిగిలే ఉంది. ఊరివాళ్ళు సామాను ఎక్కించి, బళ్ళకు ఎద్దులను కట్టారు. "ఒక్క జాము ఆగండి బాబూ" అని పోలమ్మ బళ్ళకు అడ్డంగా నిలబడింది. అంతలో సమ్మెట చప్పుడు మారింది. ఖంగుమని మోగేది కాస్తా మొద్దుగా వినిపించింది. నూతిలోంచి యల్లయ్య కేక వేశాడు.

"పోలీ! తెలుపు! తెలుపు తగిలింది!"

పైకి వచ్చిన తట్టను పోలమ్మ నేల మీద కుమ్మరించింది. గుల్లలు! ఆడవాళ్ళు పెళ్ళలను పగలగొట్టిన కొద్దీ గుల్లలు. పేరంనాయుడు ఒక గుల్లను రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. "బళ్ళు విప్పండి!" అన్నాడు.

గోడలో బయటపడ్డ పెద్ద గుల్లను ఊరివాళ్ళకు చూపిద్దామని యల్లయ్య ఉలి పెట్టబోయాడు. పోలమ్మ తాడు పట్టుకుని నూతిలోకి దిగి అడ్డుపడింది. "కదపకు మావా. అది ఉన్నచోట ఉంటేనే దాని పైనేముందో కిందేముందో రేపు వచ్చేవాళ్ళకు తెలుస్తుంది." ఆమె మాట మీదనే ఆ గుల్ల నేటికీ గోడలోనే ఉంది.

కింది నల్లరాయికి పదిహేడు రోజులు పట్టింది. ఈసారి ఊరంతా వంతులు వేసుకుని పనిచేసింది. వైశాఖ శుద్ధ విదియ నాడు పోలమ్మ అడుగున తట్ట నింపుతుండగా పక్కవారి గునపం మెత్తగా దిగింది. పసుపుపచ్చని ఇసుక. ఆ వెంటనే ఆమె పాదాలు చల్లబడ్డాయి. చూస్తుండగానే నీరు చీలమండలు దాటి మోకాళ్ళకు వచ్చింది. పైన కేకలు మిన్నుముట్టాయి. అంతలో ఎవరో, "సంద్రం కింది నీళ్ళు కదా, ఉప్పుగా ఉంటేనో?" అన్నారు. గట్టు మీద అందరూ నూతిలోకి వంగి చూశారు. పోలమ్మ కూడా ఆ మాట విన్నది. దోసిలి పట్టి నోట పోసుకుంది.

"తీపి!" అని అరిచింది. "తియ్యగా ఉన్నాయి! తీపి నీళ్ళు!"

నూతికి మెట్లు కట్టింది ఆ మరుసటి ఏడాది. బీటలపాడు గుల్లలపాడైంది. గోడలోని గుల్లను సంద్రాలమ్మ అని కొలవడం నాటి నుంచే మొదలైంది.

నేటికీ వైశాఖ శుద్ధ విదియ నాడు ఇక్కడ తిరునాళ్ళు జరుగుతాయి. ఓలేటి వారి ఆడపడుచులు ఒడ్డు నుంచి కడవతో సముద్రపు నీరు తెచ్చి తల్లికి స్నానం చేయిస్తారు. పూజ చేసేది వల్లెపు వారే. కొత్త నూయి తలపెట్టినవారు తమ చేలో తగిలిన పొరల మన్నును వరుసగా విస్తరిలో పెట్టుకుని వస్తారు. రాళ్ళను చదివే కాలేజీ పిల్లలు కూడా అధ్యాపకులతో వచ్చి, గోడ పొరలను కొలిచి పుస్తకాల్లో రాసుకుంటారు. ఒక్క గుల్లనైనా పెకలించి తీసుకుపోవడం మాత్రం ఇక్కడ నిషిద్ధం. తల్లిని తాకి మొక్కినవారి నూతులు ఊరతాయని, వదిలివెళ్ళదలచిన ఇళ్ళు మళ్ళీ నిలబడతాయని ఈ సీమవారి నమ్మకం.

తీర్థం ఇచ్చేటప్పుడు ముందు ఒక చుక్క సముద్రపు నీరు నాలుక మీద వేస్తారు. ఆ తరువాత దోసిట్లో బావి నీరు పోస్తారు. ఆ ఏడు మొదటగా తాగిన స్త్రీ అట్టడుగు మెట్టు మీద నిలబడి "తీపి!" అని ఎలుగెత్తి అరుస్తుంది. పైన వేచి ఉన్న వేలమంది ఒక్క గొంతుతో "తీపి!" అని బదులిస్తారు.